అలిమ్లిమ్ పెట్టిన గాటు

అలిమ్లిమ్ ఎడమ చేతికి మూడే వేళ్ళు. మిగతా రెండూ వాళ్ళ నాన్నతో పాటే పోయాయి. అప్పటికి ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు. ఆవుల కోసం కొండల అవతలివాళ్ళు మంద మీద దాడి చేసిన పొద్దున తండ్రి వీపున వేసుకుని పరిగెత్తుతుంటే, రెండు చేతులూ ఆయన మెడకి చుట్టి పట్టుకుని ఉంది. ఆయన మెడలోంచి దూసుకుపోయిన తూటా ఈ పిల్ల వేళ్ళని కూడా పట్టుకుపోయింది. తూటా దిగాక కూడా ఆయన పదడుగులు పరిగెత్తి పడ్డాడని జనం చెప్పుకుంటారు.

"పది కాదు బాబాయ్, పదమూడు," అనేది ఆ మాట వచ్చినప్పుడల్లా. లెక్కపెట్టిందట.

నా పేరు ఎకువామ్. కొండల కింది ఊరు లోతుబాయెలో శాంతి సంఘం ఆఫీసు జీపు నడుపుతాను. నా కుడి భుజం చూసినవాళ్ళు శాంతి సంఘం అనే మాట విని నవ్వుతారు. ఆ భుజం మీద మూడు వరసల గాట్లున్నాయి. మనిషిని చంపి వచ్చినవాడికి మాలో మేకను కోసి, దాని పేగుల్లోని పసరు ఒంటికి పూసి, తుమ్మముల్లుతో చర్మం పైకెత్తి బ్లేడుతో ఒక వరస గాట్లు పెడతారు. మగవాణ్ణి చంపితే కుడి భుజం, ఆడదాన్ని చంపితే ఎడమ. నా ఎడమ భుజం నున్నగా ఉండేది. దాన్ని చూసుకుని గర్వపడేవాణ్ణి కూడా, సిగ్గులేకుండా.

అలిమ్లిమ్ మిషన్ బడిలో చదివి, కిటాలే పట్నంలో కంప్యూటర్ డిప్లొమా చేసి, ఒక పాత లాప్‌టాప్ చంకన పెట్టుకుని తిరిగొచ్చింది. తోటివాళ్ళంతా నైరోబీ పోయారు. ఈ పిల్ల మాత్రం మా ఆఫీసు వెనకగదిలో, పైకప్పు మీది సోలార్ పలకల కరెంటుతో నడిచే సర్వర్ ముందు కూర్చుని మందల పేజీ రాసింది. ఏ మంద ఏ చెలమ దగ్గరుందో, శత్రువుల అడుగుజాడలు ఎక్కడ కనిపించాయో కాపలాదారులు ఫోనులోంచి ఆ పేజీలో పెడతారు. దాడి జరిగితే ఎర్ర బొత్తాం నొక్కుతారు. నలభై ఫోన్లూ ఒకేసారి అరుస్తాయి. మా వాళ్ళ ఫోన్లలో మాట్లాడటానికి డబ్బులు ఎప్పుడూ ఉండవు గానీ, పేజీకయ్యే ఖర్చు మాత్రం సంఘం పెట్టుకునేది.

ఒకసారి ఆ గదిలో టీ తాగుతూ తెర మీద ఒక మాట చదివాను.

"కుకీ అంటే ఏంటే? బిస్కెట్టా?"

"మేక చెవిగాటు," అంది తలెత్తకుండా. "ఈ సర్వర్‌కి మతి లేదు బాబాయ్. ఇప్పుడే పలకరించి పంపిన మనిషి మళ్ళీ వస్తే, ఎవరు నువ్వు అంటది. అందుకని మొదటిసారి వచ్చినప్పుడు ఒక నంబరు ఇచ్చి పంపిస్తా. ఫోనులో ఉండే బ్రౌజరు దాన్ని దాచుకుని, వచ్చిన ప్రతిసారీ చూపిస్తది. ఆ నంబరు ఎవరిదో నా దగ్గర పట్టీలో రాసుంటది. మేక మందలో కలిసిపోయినా చెవి చూసి ఫలానా ఇంటిదని చెప్తామా లేదా? అంతే."

"బాగానే ఉంది."

"ఏం బాగు? చెవే చూస్తది. తోలుకొచ్చినోడి మొహం చూడదు."

ఆ మాట తనే అంది. నేను విన్నాను. విని, టీ గ్లాసు కడిగి పెట్టి వెళ్ళిపోయాను.

అసలు మొదట్లో ఒక్కొక్కరికీ ఒక రహస్యపదం పెడదామనుకుంది. నలభై మందినీ వరండాలో కూర్చోబెట్టి, ఒక్కొక్కణ్ణే లోపలికి పిలిచి, ఎవరికీ తెలియని మాట ఒకటి నొక్కమంది. సాయంత్రం చూసుకుంటే ముప్పై ఎనిమిది మంది తమ ఎద్దు పేరే పెట్టారు. మాలో మగవాడికి ఈడు రాగానే ఒక ఎద్దు వస్తుంది, దాని రంగును బట్టే వాడికి పేరు స్థిరపడుతుంది. వాడు దాని మీద పాట కట్టి, చేతులు కొమ్ముల్లా పైకెత్తి ఎగురుతూ కొండలు మారుమోగేలా పాడతాడు. ఆ కొండల అవతలి మా శత్రువులకి మా ఎద్దుల పేర్లన్నీ నోటికొచ్చు. వాళ్ళ ఎద్దుల పేర్లు మాకూ నోటికొచ్చు.

"ఇంత గొంతు చించుకుని పాడేది రహస్యం ఎట్లా అవుతది?" అని తల పట్టుకుంది అలిమ్లిమ్.

"మిగతా ఇద్దరూ?"

"ఒకడికి ఏం నొక్కాడో వాడికే గుర్తులేదు. ఇంకోడు నా పేరు పెట్టాడు."

"ఎవడే వాడు?"

"రహస్యం," అని నవ్వింది. ఆ గదిలో ఆ పిల్ల నవ్వడం నేను చూసింది చాలా తక్కువ.

అలా రహస్యపదం పోయింది, గాటు ఒక్కటే మిగిలింది. కాపలాదారు ఒక్కసారి తన ఎదురుగా వచ్చి కూర్చుంటే మొహం చూసి ఫోనుకి గాటు పెట్టేది. జాగ్రత్త కోసం ఆ గాటుకి ఒక్కరోజే గడువు పెట్టింది. తెల్లారితే గాటు చెరిగిపోతుంది, మళ్ళీ సంఘం పంపిన అంకెలు నొక్కితేనే పేజీ తెరుచుకుంటుంది. కిటాలేలో అలాగే నేర్పారట.

రెండో వారంలోనే ఎసెకొన్ అనే కాపలాదారు మంద మీద దాడి జరిగింది. ఎసెకొన్ పేజీ తెరిస్తే, ఎవరు నువ్వు అని అడిగింది. చదువురాని మనిషి, అంకెలు తప్పు నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. ఆ లోపల వాడి తమ్ముళ్ళిద్దర్నీ ముళ్ళకంచె దగ్గరే కాల్చేశారు. మూడోనాడు ఎసెకొన్ ఆఫీసుకొచ్చాడు.  మందను తోలే కర్రతో అలిమ్లిమ్ మొహం మీద అడ్డంగా కొట్టాడు. కుర్చీతో సహా వెనక్కి పడింది. పెదవి చీలి, పన్ను ఒకటి విరిగి నేల మీద పడింది. నేను వాడి మెడ పట్టుకుని గోడకి అదిమాను.

"వదిలెయ్ బాబాయ్," అంది నేల మీంచే. "వాడు తక్కువే కొట్టాడు."

లేచి, నోటి రక్తం తుడుచుకోకుండానే, గడువు దగ్గర ఒకరోజు తీసేసి పదేళ్ళు అని రాసింది. ఇంకెవడూ తన పేజీ ముందు నిలబడి తనెవరో చెప్పుకుంటూ చావకూడదంది. నాకూ అదే న్యాయమనిపించింది.

పదేళ్ళ గాట్ల కోసం నలభై మందినీ మళ్ళీ రమ్మంది. తెల్ల ఎద్దు పేరుగల అపలొక్వాంగ్ ముసలాయన మాత్రం రాలేదు. ఫోనిచ్చి రెండో భార్య అమోనిని పంపాడు. అమోని పొడవైన మనిషి, మెడనిండా పూసలు, ఆఫీసంతా తనదే అన్నట్టు నడుస్తుంది.

"గాటో ఏదో పెట్టియ్యవే పిల్లా. మళ్ళీ చెలమకి పోవాలి."

"పెద్దాయన రావాలి పిన్నీ. మొహం చూసే పెట్టాలి."

"ఆ మొహం నేను రోజూ చూస్తున్నాలే, కొత్తగా ఏం మారలేదు. ఈ పెట్టె నొక్కేది నా వేలు, చూసేది నా కళ్ళు. ఆయనకి ఇది తిరగేసి పట్టుకున్నా తెలీదు."

"పట్టీలో మగవాళ్ళ పేర్లే ఉండాలని సంఘం తీర్మానం పిన్నీ."

"సంఘానికి ఆవుల్ని నేను పిండి పాలు పోస్తే తాగుతారు గానీ, పేరు పనికిరాదా?" అంది అమోని. తర్వాత నవ్వేసింది. "సరే, ఆయన పేరే రాసుకో. గాటు నాకా, ఫోనుకా?"

"ఫోనుకే పిన్నీ."

పట్టీలో ముప్పై ఒకటో వరసలో అపలొక్వాంగ్ అని రాసింది. అమోని ఫోను మెడసంచిలో వేసుకుని పోయింది. సంచి మీద మాత్రం ముసలాయన ఎద్దు బొమ్మ కుట్టి ఉంది. ఇదంతా జరిగి రెండేళ్ళు దాటింది. అందరం మర్చిపోయాం.

ఆ ఎండాకాలం వానల్లేక అన్ని మందలూ కొండల కిందికి చేరాయి. ఒక పొద్దున ఆరు కొట్టకముందే ఎర్ర బొత్తాం మోగింది. నొక్కింది అపలొక్వాంగ్ ఫోనులోంచి. ఎసెకొన్‌నీ ఇంకో ఇద్దర్నీ ఎక్కించుకుని జీపు తోలాను. మేం చేరేసరికి అంతా అయిపోయింది. ముళ్ళకంచె తగలబడుతోంది. ఆవులు లేవు. దూడలు కాళ్ళు విరిగి అరుస్తున్నాయి. అపలొక్వాంగ్ అన్న కొడుకులు ముగ్గురు ఒకే చోట పడి ఉన్నారు, ఒకడి చేతిలో పళ్ళు తోముకునే పుల్ల ఇంకా ఉంది. ముసలాయన పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. తూటా ఎడమ దవడని ఊడబెరికింది. నాలుక ఉందో లేదో తెలియడం లేదు. ఆడవాళ్ళూ పిల్లలూ కనిపించలేదు. ఎత్తుకుపోయారనుకున్నాం.

ఆయన్ని ఆఫీసుకి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టి, లోద్వార్ ఆస్పత్రి బండి కోసం కబురు పంపాం. నర్సు దవడకి గుడ్డ కడుతోంది. ఆయన మెడలో ఫోను సంచి తాడు వేలాడుతోంది. తాడు చివర సంచి లేదు.

"బాబాయ్, ఇటు రా."

పిలిచింది అలిమ్లిమ్. పోయి చూశాను. తెర మీద ఎవరెవరు ఎప్పుడొచ్చారో చెప్పే చిట్టా. అపలొక్వాంగ్, ఆరున్నర. అపలొక్వాంగ్, ఏడుంబావు. అపలొక్వాంగ్, తొమ్మిదీ పది. గోడ గడియారం చూశాను. తొమ్మిదీ పన్నెండు.

అపలొక్వాంగ్ మా వెనక బల్ల మీద రక్తం మింగుతున్నాడు.

"ఏం చూస్తున్నారు?" అన్నాను.

"దగ్గర్లో ఏ మందలున్నాయని చూశారు. చివరికి మా తమ్ముడి మంద తెరిచారు."

అలిమ్లిమ్‌కి మిగిలిన ఒకే రక్తసంబంధం లొమోరు. మూడు తాళ్ళ చెలమ దగ్గర ఆరువందల పశువులతో, భార్యతో, నెల పసిగుడ్డుతో ఉన్నాడు. ఆ పల్లంలో ఫోను పలకదు. పొద్దున్నుంచీ పదకొండు సార్లు చేసింది. దాడి జరిగిన చోటి నుంచి చెలమకి నడిస్తే ఐదారు గంటలు. మా జీపుకి అటు దారే లేదు.

"ఆ వరస కొట్టేస్తా," అంది. "ఒక్క గీత. పేజీ మూసుకుంటది."

"మూస్తే ఏం లాభం? చోటు చూసేశారుగా. నడుచుకుంటా పోతారు."

"మరి?"

ఇక్కడ నేను చెప్పిన మాటకి నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అందుకే నేనే చెప్పుకుంటున్నాను. వయసులో ఎన్ని దాడులకి పోయానో, ఎన్ని మాటులు కాశానో, ఆ అనుభవమంతా నా నోట్లోకి వచ్చింది.

"మూయకు. అబద్ధం చెప్పు. వాళ్ళొక్కళ్ళకే చెప్పు. లొమోరు మంద కొండల మధ్య ఎర్రరాళ్ళ ఇరుకులోకి మారిందని చూపించు. ఆ ఇరుకుకి ఇవతలి దాకా జీపు పోతది. వాళ్ళకంటే ముందు మేం అక్కడుంటాం."

అలిమ్లిమ్ నా వంక చూసింది. కుదురుతుందని తనకీ తెలుసు. గాటు చూసి ఒక్కొక్కరికి ఒక్కో పేజీ చూపించడమే ఆ సర్వర్ పని. ఉన్నట్టుండి లేచి ఫోను తీసింది.

"ఒక్కసారి ఆ నంబరుకి చేస్తా. ఎవరెత్తుతారో..."

"పిచ్చెక్కిందా? మోగిందంటే మనకి తెలిసిపోయిందని ఫోను పారేసి నేరుగా చెలమకే పోతారు. నీ తమ్ముణ్ణి నువ్వే చంపుకుంటావా?"

దాని చేతిలోంచి ఫోను లాక్కున్నాను. మూడు వేళ్ళ చెయ్యి, తేలిగ్గా వచ్చేసింది.

బల్ల మీద ముసలాయన మూలుగుతూ చెయ్యెత్తాడు. తెగిన తాడు చూపించాడు, కొండలవైపు చూపించాడు, రెండు వేళ్ళు ఎత్తాడు.

"ఇద్దరా తాతా? ఇద్దరు పట్టుకుపోయారా?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. గుడ్డంతా ఎర్రబడింది. మళ్ళీ అవే రెండు వేళ్ళు, ఈసారి బల్ల మీద టకటకా కొట్టాడు.

"రెండొందల మందంటున్నాడు," అన్నాడు ఎసెకొన్. అందరం ఒప్పేసుకున్నాం. నర్సు ఆయన చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

అలిమ్లిమ్ కూర్చుంది. ఎనిమిది వేళ్ళతో ఆరు లైన్లు రాసింది. ఫలానా నంబరు వస్తే లొమోరు మందని ఎర్రరాళ్ళ ఇరుకులో చూపించు, ఇప్పుడే మారినట్టు టైము వెయ్యి, మిగతా అందరికీ నిజమే చూపించు. చివరి బొత్తాం నొక్కే ముందు ఆగింది.

"ఎంతమంది చస్తారు బాబాయ్?"

"వచ్చినంతమంది."

"మా నాన్న పదమూడు అడుగులేశాడు," అంది. "వీళ్ళు ఒక్కటి కూడా వెయ్యకూడదు."

నొక్కింది. అందరం చిట్టా ముందు నిలబడ్డాం. నిమిషం గడిచింది. అపలొక్వాంగ్, తొమ్మిదీ ఇరవై ఆరు. వచ్చాడు, అబద్ధం తీసుకున్నాడు, పోయాడు. ఎసెకొన్ చప్పట్లు కొట్టాడు. ఒకప్పుడు కర్రతో కొట్టిన మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని నుదురు మీద ముద్దు పెట్టాడు.

పద్నాలుగు మందిమి తుపాకులతో ఇరుకు రెండు వైపులా రాళ్ళ మీద పడుకున్నాం. మధ్యాహ్నం దాటింది. రాయి కడుపుని కాలుస్తోంది. నీళ్ళు తాగితే చప్పుడవుతుందని తాగలేదు. మూడింటికి కింద పొదలు కదిలాయి. ముందు తుపాకీ గొట్టం కనిపించింది, భుజం మీంచి పైకి. తర్వాత తల మీద గుడ్డ కప్పుకున్న పొడవాటి మనిషి. వెనక ఇంకా ఎవరో వంగి వంగి వస్తున్నారు. ముందున్న ఆకారం ఆగి, చేతిలో ఏదో చూసుకుని, తలెత్తి ఇరుకంతా వెతికింది. మెరిసింది ఫోను.

గుండె మధ్య గురిపెట్టి కాల్చాను. నా తూటా ముందు తగిలింది, నాకు తెలుసు. ఆ తర్వాత పద్నాలుగు తుపాకులూ పేలాయి. రాళ్ళు పగిలి ముక్కలు ఎగిరాయి. పడిన ఒళ్ళు పడిన చోటే తూటాలకి ఎగిరెగిరి పడుతోంది. మావాళ్ళు అరుస్తున్నారు, తమ తమ ఎద్దుల పేర్లు పెట్టి అరుస్తున్నారు, నేను కూడా నా ఎద్దు పేరు పెట్టి అరిచాను. ఆ అరుపుల కిందనించి ఒక పిల్ల ఏడుపు వినిపించింది.

"ఆపండి! ఆపండ్రా!" అని కేకేశాను.

ఆపడానికి చాలాసేపు పట్టింది.

కిందికి దిగాను. అమోని వెల్లకిలా పడి ఉంది. మెడలో పూసలు తెగి రాళ్ళ మధ్య చెల్లాచెదురుగా ఉన్నాయి. మొగుడి తుపాకీ భుజానే ఉంది, అందులో ఒక్క తూటా కూడా లేదు. బండ వెనక అపలొక్వాంగ్ పెద్ద భార్య తొడకి తగిలిన దెబ్బని రెండు చేతులా నొక్కిపట్టుకుని, ఇద్దరు ఆడపిల్లల మీద పడుకుని ఉంది. పిల్లలకి ఏమీ కాలేదు. తర్వాత పెద్ద భార్య చెప్పింది, దాడి మొదలవగానే ముసలాయన మెడలో సంచి తెంపుకుని, ఎర్ర బొత్తాం నొక్కి, వీళ్ళని పొదల్లోకి తోలింది అమోనియే. పొద్దున్నుంచీ గుట్టగుట్టకీ ఎక్కి పేజీ చూసుకుంటూ, దగ్గర్లో మనవాళ్ళ మంద ఎక్కడుంటే అక్కడికి పిల్లల్ని చేర్చాలని నడిచింది. మూడు తాళ్ళ చెలమ దారి పట్టాక, మంద ఇరుకులోకి మారిందని పేజీ చెప్తే ఇటు తిరిగింది.

పెద్ద భార్య నా మొహం చూసి గుర్తుపట్టింది.

"ఎకువామ్," అంది. "మంద ఏదిరా?"

రెండు వేళ్ళు. రెండో భార్య. అప్పుడు అర్థమైంది నాకు.

అమోని చేతిలోంచి ఫోను తీశాను. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది. పేజీ తెరిచే ఉంది. నిమిషానికోసారి తనంతట తనే మారుతోంది. లొమోరు మంద ఎర్రరాళ్ళ ఇరుకులోనే ఉందని, ఆరువందల పశువులని, నీళ్ళు ఉన్నాయని, ఇప్పటి టైముతో సహా చెప్తూనే ఉంది.

ఆవుల్ని తోలుకుపోయినవాళ్ళు పొద్దెక్కేసరికే కొండ దాటేశారని తర్వాత తెలిసింది. వాళ్ళకి ఆ ఫోను సంగతే తెలియదు.

నేను ఆఫీసులో అడుగుపెట్టేసరికి అలిమ్లిమ్ చిట్టా ముందే కూర్చుని ఉంది.

"ఎంతమంది?" అంది.

ఫోను బల్ల మీద పెట్టాను.

"ఎవరి చేతిలో ఉంది?"

"అమోని."

ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత లేచి తలుపు దగ్గరికి పోయింది.  ఎసెకొన్ కర్ర తలుపు వెనక ఆనించి ఉంది. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కొట్టు బాబాయ్."

"నేనే కదే కాల్చింది. నీ ఫోను లాక్కున్నది కూడా నేనే."

"అమోని పిన్ని ఇక్కడికొచ్చి నా వేలు, నా కళ్ళు అంది. నేను విన్నాను. విని మొగుడి పేరు రాశాను. కొట్టు!"

కర్ర విరిచి బయట పారేశాను. ఇద్దరం ఏడ్చాం. ముగ్గుర్ని చంపి వచ్చిన రోజుల్లో కూడా నేను ఏడవలేదు, ఆవేళ మాత్రం ఆ పిల్ల ముందు పసివాడిలా ఏడ్చాను. ఏడుస్తూనే అలిమ్లిమ్ ఆ ఆరు లైన్లూ చెరిపేసింది.

మర్నాడు లొమోరు వచ్చాడు. ఒంటి మీద గీత కూడా లేదు. గుట్టెక్కి చూసుకుంటే అన్ని పిలుపులు కనిపించాయట. "ఏంటక్కా, పదకొండు సార్లు చేశావ్? నన్ను చూడాలనిపించిందా?" అని నవ్వుతూ లోపలికొచ్చాడు. వాడి నవ్వు చూడలేక నేను బయటికి పోయాను.

వారం తర్వాత అలిమ్లిమ్ తనని లోద్వార్ ఆస్పత్రికి తీసుకెళ్ళమంది. అపలొక్వాంగ్ దవడకి తీగలు బిగించారు. మాట లేదు. మంచం పక్కన నిలబడి, దాచకుండా, ఏడవకుండా, గాటు దగ్గర మొదలుపెట్టి ఆరు లైన్ల దాకా మొత్తం చెప్పింది. ముసలాయన కళ్ళు మూయకుండా విన్నాడు. అయ్యాక రెండు వేళ్ళు ఎత్తాడు. ఒకటి మడిచాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగు నెలలకి ఆయన ఇల్లు చేరాడు. మొదటి వాన పడిన మర్నాడు అలిమ్లిమ్ ఒక నల్ల మేకను, కొత్త బ్లేడును, తుమ్మముల్లును తీసుకుని బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను. చిన్న పీట మీద కూర్చున్న ముసలాయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పైగుడ్డ జార్చి ఎడమ భుజం చూపించింది.

"ఆడదానికి... గాటు... ఎక్కడ పెడతారే?" అన్నాడు. దవడ సరిగ్గా ఆడక మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"చంపింది ఆడదైనా పెట్టాలి తాతా. ఊళ్ళో అందరూ తమ్ముణ్ణి కాపాడుకున్న పిల్ల అంటున్నారు. నన్ను చూసినోళ్ళకి నేనేంటో తెలియాలి."

 ముసలాయన మేకను కోయించాడు. పసరు అలిమ్లిమ్ మొహానికి, ఒంటికి తనే పూశాడు. ముల్లుతో చర్మం పైకెత్తి కోస్తుంటే రక్తం మోచెయ్యి దాకా కారింది.  దాని తర్వాత నేను కూర్చున్నాను. ఇన్నేళ్ళు నున్నగా ఉన్న నా ఎడమ భుజం మీద ఆయన గట్టిగానే కోశాడు.

అంతా అయ్యాక అలిమ్లిమ్ ఆయన పాత ఫోను తీసి ముందు పెట్టింది.

"ఇప్పుడు ఎర్ర బొత్తాం ఎవరు నొక్కినా, పేజీ ఎవరు చూసినా, ముందు నేనే ఫోన్ చేసి గొంతు వింటా తాతా. ఎవరొద్దన్నా వింటా. ఆడవాళ్ళ పేర్లూ రాస్తున్నా, సంఘం ఏమైనా అననీ. దీనికి పాత గాటు అట్లానే ఉంది. తీసేసి కొత్తది పెట్టమంటావా?"

"ఇంకా... నేననుకుంటోందా... ఇది?"

"నువ్వే అనుకుంటోంది."

"తప్పు కదా," అన్నాడు. గాలి పీల్చుకుని, ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెప్పాడు. "గాటు ఉండనీ. పేరు దిద్దు. అమోని అని రాయి."

అలిమ్లిమ్ భుజం మీంచి రక్తం కారుతుండగానే లాప్‌టాప్ తెరిచి, ముప్పై ఒకటో వరసలో పేరు దిద్దింది. ముసలాయన ఫోను పెద్ద కూతురి చేతికిచ్చాడు. ఇరుకులో బండ వెనక దొరికిన పిల్ల అది. అమోని పట్టుకున్నట్టే రెండు చేతులతో పట్టుకుని పేజీ తెరిచింది. చిట్టాలో కొత్త వరస పడింది. అమోని, పదిన్నర.

అలిమ్లిమ్ వెంటనే ఆ నంబరుకి ఫోన్ చేసింది. మూడడుగుల దూరంలో ఫోను మోగింది.

"ఎవరు మాట్లాడేది?" అంది.